బేస్‌మెంటు దాకా తోడెవరు?

చెల్లీ, "మన ఊళ్లల్ల ఇల్లు లేనోళ్లు ఎవరున్నరక్కా? పట్నంల ఫ్లైఓవర్ల కింద పండుకునేటోళ్లను చూసినం గానీ, మఠంపల్లిల అట్ల ఎవ్వరూ కనబడరు గదా" అని నువ్వు ఫోన్లో అడిగినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. కనబడరన్నది నిజమే. కానీ ఉన్నారు. మన వాడకట్టులోనే ఉన్నారు. ఈసారి ముచ్చట్లు వాళ్ల గురించే పెట్టుకుందాం. చాయ్ పెట్టుకుని కూర్చో, కొంచెం పొడుగైతది.

మన దగ్గర ఇల్లు పోయిన ఆడమనిషి రోడ్డు మీద పడుకోదు. పరువు ఒకటి, ఆడపిల్లలు ఉంటే భయం ఒకటి. ముందు తల్లిగారింటికి పోతుంది. అన్న వసారాలో ఒక మంచం వేసుకుంటుంది. తల్లి బతికి ఉన్నన్నాళ్లు ఎట్లనో గడుస్తుంది. ఆ తర్వాత వదిన మొహం మారుతుంది. వదినను కూడా ఏమంటాం, ఆమె ఇల్లే రెండు గదులు, ఆమె పిల్లలూ పెద్దవాళ్లవుతున్నారు. అక్కడి నుంచి పెద్దమ్మ కొడుకు వదిలేసిన రేకుల గదిలోకి. ఎండాకాలం వస్తే ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట మనిషి నిలవలేడు, అందుకని ఎవరిదో పొలం కాడ మోటరు కొట్టంలోకి. సామాను అంటే ఒక ట్రంకు పెట్టె, నాలుగు గిన్నెలు, రెండు బిందెలు. ఆధార్‌లో అత్తగారి ఊరు ఉంటుంది. రేషన్ కార్డులో చనిపోయిన భర్త పేరు ఇంకా ఉంటుంది. పిల్లల బడి మూడో ఊళ్లో ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా పిల్ల చదువు ఒక మెట్టు దిగుతుంది. పెద్దపిల్ల అయితే మొత్తానికే ఆగిపోతుంది, తొందరగా పెళ్లి చేస్తే ఒక బరువు దిగుతుందని చుట్టాలు చెప్పడం మొదలుపెడతారు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేల పైచిలుకు అని తేలింది. అందులో పట్టణాల్లో సుమారు 9 లక్షల 38 వేల మంది, పల్లెల్లో సుమారు 8 లక్షల 34 వేల మంది. పల్లెల్లో అంతమందా అనిపిస్తుంది కదా. ఇంకో సంగతి చెప్తా విను. ఆ లెక్కలో ఎవరిని రాసుకుంటారంటే, రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, పెద్ద తూముల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లను. అన్న వసారాలో మంచం వేసుకున్న చెల్లె ఆ లెక్కలోకి రాదు. ఆమెను అన్న కుటుంబంలోనే ఒక మనిషిగా రాసుకుంటారు. మిర్చి ఏరడానికి పిల్లాజెల్లాతో వచ్చి చేను గట్టున గుడారం వేసుకున్న కుటుంబాన్ని గానీ, మిర్యాలగూడ మిల్లుల పక్కన పట్టాలు కప్పుకుని బతికే కూలీలను గానీ ఎవరు ఎన్నిసార్లు లెక్కపెట్టి ఉంటారో నువ్వే ఆలోచించు.

పట్టణాలకైతే ఒక ఏర్పాటు ఉంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో గట్టిగా చెప్పడంతో, నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఏడాది పొడుగునా తెరిచి ఉండే ఆశ్రయాలు పెట్టాలన్న నియమం వచ్చింది. హైదరాబాదులో నగరపాలక సంస్థ భవనం ఇస్తే, అమన్ వేదిక లాంటి స్వచ్ఛంద సంస్థలు వాటిని నడుపుతున్నాయి. పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లు తలదాచుకునే ఆశ్రయాలూ అట్లాంటివే. మన సూర్యాపేట, కోదాడ వైపు నుంచి వైద్యం కోసం పోయి అక్కడ రాత్రుళ్లు గడిపిన కుటుంబాలు ఎన్నో. ఆ సంస్థల మీద నాకు చాలా గౌరవం. కానీ పల్లెకు ఆ నియమం లేదు. మండలంలో ఒక ఆడమనిషి పిల్లలతో అర్ధరాత్రి బయటపడితే తలుపు తట్టడానికి చుట్టాల ఇల్లు తప్ప ఇంకోటి లేదు.

మన ప్రాంతానికి ఇల్లు పోవడమంటే ఏంటో బాగా తెలుసు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఊళ్లు మునిగాయి. సాగర్ నీళ్లతో మనం మూడు తరాలుగా అన్నం తింటున్నాం గానీ, ఆ నీళ్ల కింద ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల పిల్లలు మన మండలంలో భూమి కోసం ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. 2021లో గుర్రంబోడు తండా పేరు భూముల గొడవతోనే అన్ని రోజులు పేపర్లో వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. సాగర్ తర్వాత పులిచింతల. 2013 డిసెంబరులో ప్రాజెక్టును ప్రారంభించారు, నలభై అయిదు టీఎంసీలకు పైగా నీళ్లు నిలవాలంటే మన పక్కనున్న నెమలిపురి, వెల్లటూరు, అడ్లూరు లాంటి ఊళ్లు లేవాలి కదా. లేచాయి. తల్లిగారి ఊరు నీళ్లలో ఉన్న ఆడవాళ్లు మనకు చుట్టాల్లోనే ఉన్నారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పోయి పాత గోడలు చూసొస్తామని చెప్తుంటారు.

అయితే ఒకటి గమనించు. ఊరు ఊరంతా మునిగితే ఒక జాబితా తయారవుతుంది. ఇంటి నంబరు రాస్తారు, కొలతలు తీస్తారు, పునరావాస కాలనీ అంటారు, పరిహారం అంటారు. అది తక్కువ కావచ్చు, ఆలస్యం కావచ్చు, దాని కోసం ధర్నాలు చేయాల్సి రావచ్చు. కానీ పదిమంది కలిసి అడగడానికి అక్కడ ఒక జాబితా ఉంటుంది. భర్త జబ్బుకు ఇల్లమ్ముకున్న ఆమెకు ఏ జాబితా ఉంది? తాగి కొడితే బయటపడ్డ ఆమెకు? కొడుకు, కోడలు పొమ్మంటే సంచి పట్టుకుని వచ్చిన ముసలమ్మకు? ఒక్కొక్కరుగా ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం సర్వే చేయడానికి ఏ అధికారీ రాడు. స్వచ్ఛంద సంస్థ అవసరం సరిగ్గా అక్కడ మొదలవుతుందని నాకనిపిస్తుంది.

2024 సెప్టెంబరు ఒకటో తారీఖు వాన కూడా చూశాం. కోదాడలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువ తెగింది, ఖమ్మంలో మున్నేరు వాడలకు వాడలను ముంచింది. వారం పాటు ఎంత మంచితనం కనబడిందో చెప్పలేను. అన్నం పొట్లాలు, దుప్పట్లు, బియ్యం సంచులు, గిన్నెల సెట్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. ఇచ్చినవాళ్లందరికీ దండం పెట్టాలి. కానీ మట్టిగోడ సంగతి వేరు చెల్లీ. నానిన మట్టిగోడ ఆ రోజే పడదు. వాన వెలిసి, ఎండ వచ్చి, ఆరేటప్పుడు బీట వస్తుంది. అందరూ వెళ్లిపోయాక, ఒకనాడు తెల్లవారుజామున కూలుతుంది. అప్పటికి కిట్లు పంచిన బండ్లు ఉండవు, ఫోటోలు తీసినవాళ్లు ఉండరు. నష్టం రాసుకున్న కాగితంలో ఆ ఇల్లు "పాక్షికం" అని ఉంటుంది.

ఇంకో మాట చెప్పాలి, ఇది నన్ను ఎప్పటి నుంచో తొలుస్తున్నది. మన చుట్టూ ఉన్నదంతా సున్నపురాయి నేల. మఠంపల్లి, మేళ్లచెరువు అంటే సిమెంటు. పగలూ రాత్రీ లారీలు పోతూనే ఉంటాయి. రెండు రాష్ట్రాల్లో ఎన్ని లక్షల స్లాబుల్లో మన నేల రాయి కలిసిందో! ఆ లారీల దుమ్ము పడే దారి పక్కనే టార్పాలిన్ కప్పుకున్న గుడిసెలు ఇంకా ఉన్నాయి. ఈ నేల మీద పుట్టిన పిల్లకు ఇంత స్లాబు కింద నిద్ర దొరకాలని కోరుకోవడం పెద్ద ఆశేం కాదు.

ఇక సంస్థల ముచ్చటకు వస్తా. కోదాడ నుంచి గంట దూరం లేని ఖమ్మానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది, మనవాళ్లకే చాలామందికి తెలియదు. ప్రపంచమంతా ఇళ్లు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ ఇండియాలో మొట్టమొదట పని మొదలుపెట్టింది ఢిల్లీలోనో బొంబాయిలోనో కాదు, ఖమ్మంలో, 1983లో. ఆ సంస్థను పెట్టింది మిల్లర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ అనే అమెరికన్ దంపతులు. ఆయన అలబామాలో లాయరు, వ్యాపారి, ముప్పై ఏళ్లు రాకముందే లక్షాధికారి. సంపాదన మోజులో సంసారం తెగేదాకా వచ్చింది. అప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఆస్తి అమ్మి పంచేశారు. జార్జియాలో క్లారెన్స్ జోర్డాన్ నడుపుతున్న కొయినోనియా అనే క్రైస్తవ వ్యవసాయ క్షేత్రంలో చేరి, అక్కడి పేదలకు ఇళ్లు కట్టే పద్ధతి ఒకటి నేర్చుకున్నారు. 1973లో ఆఫ్రికాలోని జైర్‌కు పోయి మూడేళ్లు అదే పని చేశారు. తిరిగి వచ్చి 1976లో ఈ సంస్థ పెట్టారు. ఏడేళ్లకు అది ఖమ్మం చేరింది.

ఆ పద్ధతి ఏంటో వింటే నీకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే అది మన పొదుపు సంఘం లాంటిదే. ఇల్లు ఊరికే ఇవ్వరు. అమ్మి లాభమూ తీసుకోరు. కట్టడానికి అయిన ఖర్చును వడ్డీ లేని అప్పుగా పెట్టి, ఏళ్ల తరబడి చిన్న చిన్న కిస్తీల్లో తీసుకుంటారు. ఒక కుటుంబం కట్టిన కిస్తీ ఇంకో కుటుంబం ఇంటికి పునాది డబ్బు అవుతుంది. ఇల్లు వచ్చే కుటుంబం ఇటుకలు మోయడం, నీళ్లు పట్టడం, మట్టి ఎత్తడం లాంటి పనుల్లో చెయ్యి కలపాలి, తన ఇంటికే కాకుండా పక్కవాళ్ల ఇంటికి కూడా. పక్కన దేశ విదేశాల వలంటీర్లు కూడా తట్ట పట్టుకుంటారు. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన జిమ్మీ కార్టర్ 1984 నుంచి వాళ్లతో కలిసి సుత్తి పట్టుకున్నాడు. 2006లో ఆయన మహారాష్ట్రలోని లోనావాలా దగ్గరికి వచ్చి వంద ఇళ్ల పనిలో పాల్గొన్నాడు, అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది కిస్తీ. ఎందుకంటావా? దానంగా వచ్చిన ఇంటిని గురించి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మాట అంటారు. "ఫలానావాళ్లు కట్టిచ్చిన ఇల్లు" అని పిల్లల పెళ్లిళ్ల దాకా ఆ మాట వెంట వస్తుంది. నెల నెలా కట్టి తీర్చుకున్న ఇంట్లో ఆమె తల ఎత్తుకుని తిరుగుతుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఎంత చిన్న కిస్తీ అయినా కట్టగలిగేది రోజూ పని దొరికే కుటుంబమే. నాట్లప్పుడు, కోతలప్పుడు, మిర్చి ఏరేటప్పుడు తప్ప పని లేని ఒంటరి ఆడమనిషికి, మంచం పట్టిన ముసలివాళ్లకు అదీ అందదు. వాళ్లకు కిస్తీ లేని దారి ఒకటి ఉండాలి.

ఆ దారి చూపించింది అనంతపురం. విన్సెంట్ ఫెర్రర్ పేరు విని ఉంటావు. బార్సిలోనాలో పుట్టి, జెసూట్ గురువుగా 1952లో ఇండియాకు వచ్చిన మనిషి. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల కోసం పనిచేసి, అక్కడి పెద్దలకు కంటగింపై, 1968లో దేశం విడిచి పోవాల్సి వచ్చింది. మళ్లీ వచ్చి 1969లో అనంతపురంలో దిగాడు. ఆయన, భార్య అన్నే ఫెర్రర్ నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును అక్కడ అందరూ ఆర్డీటీ అంటారు. వాళ్లు దళితులకు, గిరిజనులకు, వెనుకబడిన కులాలవాళ్లకు వేలకు వేలు ఇళ్లు కట్టారు. ఇల్లు ఆడమనిషి పేరు మీద ఉండాలన్నది అక్కడి పట్టుదల. ఎందుకో నేను నీకు చెప్పాల్సిన పని లేదు. ఇల్లు మగవాడి పేరు మీద ఉంటే అప్పుకు తాకట్టు పోతుంది, తాగుడుకు పోతుంది, కోపం వచ్చిన రాత్రి "నా ఇంట్లో నుంచి పో" అన్న మాటకు బలం వస్తుంది. కాగితం ఆమె పేరు మీద ఉన్న ఇంట్లో ఆ మాట అంత సులువుగా రాదు. వికలాంగులున్న కుటుంబాలకు కూడా వాళ్లు ఇళ్లు కట్టారు. బడి, ఆసుపత్రి, మహిళా సంఘం పక్కనే నడిపారు. ఇంట్లో చేరిన కుటుంబం మళ్లీ జబ్బు వల్లనో అప్పు వల్లనో బయట పడకుండా ఉండాలంటే అవన్నీ ఉండాలి మరి.

ఇక్కడ జాగ సంగతి కూడా చెప్పుకోవాలి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను ఎనభై ఎకరాల భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అట్లా పుట్టింది. అప్పుడు వాళ్లు అడిగింది దున్నుకునే భూమి. ఇప్పుడు మనం అడుగుతున్నది వంద గజాలు, నూట ఇరవై గజాలు. రోడ్డు పక్క గజం ధర చూస్తే కూలి చేసుకునే ఆమె ఈ జన్మలో కొనలేదు. సంస్థలు ఇల్లు కట్టడానికి ముందుకొస్తాయి గానీ జాగ దగ్గర ఆగిపోతాయి. దాతలకు గోడ కనబడుతుంది, దాని కింది నేల కనబడదు. ఊళ్లో ఒక పెద్దరైతు నాలుగు కుటుంబాలకు సరిపోయే జాగ రిజిస్ట్రేషన్ చేసిచ్చాడంటే, ఆయన చేసిన పని పది లక్షల చెక్కు కంటే పెద్దదని నేను అంటాను.

ఆ జాగ కూడా ఊళ్లోనే ఉండాలి. విపత్తులు వచ్చినచోట దూరంగా గుట్ట పక్కన వరసగా కట్టిన కాలనీలు ఎన్నో ఖాళీగా మిగిలాయి. కూలికి పిలుపు రాదు, బడి దూరం, చీకటి పడితే ఆడవాళ్లు బయటికి రాలేరు, కిరాణం కొట్టువాడు అప్పివ్వడు. ఇళ్లు కడుతున్నామని వచ్చిన సంస్థను మనం ముందుగా అడగాల్సింది, "ఇక్కడ నుంచి నీళ్లెంత దూరం, బస్సెంత దూరం?" అని. రంగుల ముచ్చట తర్వాత.

నాకు బాగా తెలిసిన ఒకామె కథ చెప్తా, పేరు వద్దు. భర్తకు కిడ్నీలు పాడై, వైద్యానికి ముందు గొర్రెలు, తర్వాత ఇల్లు అమ్ముకున్నారు. మనిషి దక్కలేదు. ఇద్దరు ఆడపిల్లలతో పట్టణంలో ఒక గది అద్దెకు తీసుకుని ఇళ్లల్లో పని చేసింది. రెండు నెలల అద్దె ఆగితే ఖాళీ చేయమన్నారు. ఒంటరి ఆడమనిషి అనేసరికి కొత్త గది ఇచ్చేవాళ్లు లేరు, ఇచ్చినా అడ్వాన్సు అడిగారు. ఆ సమయంలో ఆమెకు అయిదు లక్షల ఇల్లు అవసరం లేదు. కావాల్సింది ఒక అడ్వాన్సు, మూడు నెలల అద్దె, "ఈమెకు మేము జవాబుదారీ" అని ఇంటివాళ్లతో చెప్పే ఒక పెద్దమనిషి. ఒక సేవా బృందంలోని ఆడవాళ్లు ఆ మూడూ చేశారు. గది ఇప్పించి ఊరుకోలేదు. రేషన్ కార్డులో పేర్లు సరిచేయించారు, వితంతు పింఛను దరఖాస్తు రాయించారు, పిల్లలను గురుకులంలో చేర్పించే పని దగ్గరుండి చూశారు. ఏడాది పాటు నెలకోసారి వచ్చి కూర్చుని మాట్లాడి పోయేవాళ్లు. ఇప్పుడామె కుట్టు మిషను పెట్టుకుంది, అద్దె ఆగడం లేదు. ఆ ఏడాది వాళ్లు రాకపోయి ఉంటే ఆ గది కూడా పోయేదని ఆమే అంటుంది.

ఫిన్లాండ్ అనే చలిదేశంలో ఇదే ఆలోచనను ప్రభుత్వమే పట్టుకుంది. "ముందు తాగుడు మానుకో, ముందు పని వెతుక్కో, తర్వాత ఇల్లిస్తాం" అనే పద్ధతిని పక్కనబెట్టి, 2008 నుంచి ముందు తాళం చెవి చేతిలో పెట్టి, ఆ తర్వాత వైద్యం, పని, అప్పుల సంగతి చూడటం మొదలుపెట్టారు. 1985 నుంచి ఉన్న వై ఫౌండేషన్ అనే సేవాసంస్థ ఇళ్లు కొని, కట్టి, అద్దెకిస్తుంది. రాత్రి ఆశ్రయాలను కూడా చాలావరకు విడివిడి ఫ్లాట్లుగా మార్చారు. అక్కడి డబ్బు మనకు లేదు, వాళ్ల జనాభా ఎంత, మనదెంత. అయినా ముందు ఇల్లు, తర్వాత మిగతావి అన్న వరస మనకూ పనికొస్తుంది. నిలువ నీడ లేని మనిషిని ముందు మంచి నడవడి చూపించమనడం అన్యాయం.

ఇప్పుడు మన ఇంటి ముందుకు వచ్చిన సంగతి, ఇందిరమ్మ ఇళ్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఈ పథకం మొదలుపెట్టారు. ఇంటికి అయిదు లక్షలు, ఆడవాళ్ల పేరు మీద, మొదటి విడతలో నియోజకవర్గానికి మూడు వేల అయిదు వందల ఇళ్లు అన్నారు. ముగ్గు పోసుకుని, బేస్‌మెంటు లేపితే మొదటి లక్ష ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత గోడలకు, స్లాబుకు, చివరి పనులకు విడతలు. మంచి పథకమే. కానీ బేస్‌మెంటు దాకా డబ్బు ఎవరిది? తవ్వకం కూలి, రాయి, ఇసుక రవాణా, సలాక, మేస్త్రీ అడ్వాన్సు, అన్నీ ముందు ఆమే పెట్టుకోవాలి. మహిళా సంఘంలో ఉన్నవాళ్లకు అప్పు ఇప్పిస్తున్నారు గానీ, సంఘంలో పాత కిస్తీలు ఆగినామె, ఊరు మారి వచ్చినామె సంఘంలో ఉండరు. మంజూరు కాగితం చేతిలో పెట్టుకుని ముగ్గు కూడా పోయలేక కూర్చున్నవాళ్లు ఉన్నారు. అసలు జాగే లేనివాళ్లది ఇంకో జాబితా. వాళ్ల వంతు సొంత జాగ ఉన్నవాళ్ల తర్వాత.

నీ చేతిలో సాయం చేయడానికి డబ్బుంటే, లేదా అమెరికాలో ఉన్న మన పిల్లలు "ఊరికి ఏదైనా చేస్తాం పిన్నీ" అంటే, నేను చెప్పేది ఒకటే. కొత్తగా ఒక ఇల్లు మొత్తం కట్టించి పేరు రాయించుకోకండి. బేస్‌మెంటు డబ్బు పెట్టండి. మొదటి విడత పడగానే అందులోంచి తిరిగి తీసుకుని ఇంకో ఆమెకు ఇవ్వండి. ఖమ్మంలో నలభై ఏళ్ల కింద చూపించిన పద్ధతే ఇది. ఒక ఇంటికి పెట్టే అయిదు లక్షలు ఇట్లా తిప్పితే ఎన్ని ముగ్గులు పడతాయో లెక్కవేసుకో. తిరిగి ఇవ్వలేని ముసలమ్మ ఉంటే ఆ ఒక్క డబ్బు వదిలేయండి.

సంఘం అక్కలు చేయాల్సింది వేరే ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. మీ గ్రామ సంఘం మీటింగులో వసూళ్ల లెక్క అయ్యాక ఒక పావుగంట కూర్చుని, చుట్టాల పంచలో ఉంటున్న ఆడవాళ్ల పేర్లు రాసుకోండి. అది బయట చదవొద్దు, వాళ్ల పరువు మన చేతిలో ఉంటుంది. అత్తగారింటి నుంచి గెంటేస్తే ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు 2005 గృహహింస చట్టం ఇచ్చిందని చెప్పండి, ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా సరే. ఆపదలో ఉంటే 181కి ఫోన్ చేస్తే జిల్లా సఖి కేంద్రం వాళ్లు పలుకుతారు. కేసు వేయాల్సి వస్తే ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఇవన్నీ మన హక్కులే, ఒక్కరుగా అడగడానికి భయం గనక అడగరు.

మొన్న మఠంపల్లిలో ఒక పెద్దమ్మ అన్నది నాకు బాగా నచ్చింది. "కాయితం రాసిచ్చేటోళ్లు దొరుకుతరు బిడ్డా, ఆఫీసు కాడికి నాతోని వచ్చి నిలబడేటోళ్లే దొరకరు" అంది. నిజం. మండలాఫీసులో ఆమెను ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి పంపుతారు. ఫోటో లేదంటారు, బ్యాంకు పుస్తకంలో పేరు తేడా ఉందంటారు, రేపు రమ్మంటారు. రేపు అంటే ఒక రోజు కూలి, రెండు బస్సు చార్జీలు. పక్కన చదువుకున్న ఒక ఆడపిల్ల నిలబడి, "ఏం తక్కువుందో కాగితం మీద రాసివ్వండి సార్" అని మర్యాదగా అడిగితే ఆ రేపు ఈరోజే అవుతుంది. ఇది నేను నా కళ్లతో చూశాను.

కలెక్టరేట్‌లో ప్రజావాణి సోమవారం. నీకు సెలవు దొరికే సోమవారం చూసుకుని, మీ వీధిలో అట్లా వసారాలో ఉంటున్నామెను వెంటబెట్టుకుని సూర్యాపేట పో. ఆధార్, రేషన్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం రెండేసి జిరాక్సులు ముందు రోజే తీసిపెట్టు. దరఖాస్తు ఇచ్చాక రసీదు అడిగి తీసుకో, దాని మీద నంబరు ఫోన్లో ఫోటో తీసి నాకు పంపు. మళ్లీ నెల నాటికి ఏమైందో ఇద్దరం కలిసి అడుగుదాం.